ఫ్రీజర్లోంచి తీసిన గొర్రె తొడ మూడు గంటల్లో ఉడుకుతుందా? (టేల్స్ ఆఫ్ ది అనెక్స్‌పెక్టెడ్, 1979)

రెండోరీలు
రోల్డ్ డాల్ కథలతో వచ్చిన ఈ బ్రిటిష్ టీవీ షోలో, మొదటి సిరీస్‌లో నాలుగో ఎపిసోడ్, లాంబ్ టు ద స్లాటర్. 1979 ఏప్రిల్ 14, శనివారం, ఐటీవీలో వచ్చింది. తీసింది ఆంగ్లియా టెలివిజన్. భార్యగా సుసాన్ జార్జ్, పోలీసు మొగుడిగా మైకేల్ బర్న్, డిటెక్టివ్‌గా బ్రయన్ బ్లెస్డ్. కథ తెలియనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

మొగుడు వదిలేసి పోతానంటాడు. కడుపుతో ఉన్న భార్య డీప్ ఫ్రీజర్లోంచి గొర్రె తొడ తీసుకొచ్చి వెనకనుంచి నెత్తిన ఒక్కటేస్తుంది. ఆ తొడనే ఓవెన్లో పెట్టి, ఆయుధం కోసం ఇల్లంతా వెతుకుతున్న పోలీసుల చేతే తినిపిస్తుంది. ఇంతవరకు బ్రహ్మాండం. నా అభ్యంతరమల్లా వంట దగ్గర. రాయిలా గడ్డకట్టిన తొడని ఎముకతో సహా నేరుగా ఓవెన్లోకి తోస్తే అదే రాత్రి భోజనానికి అందుతుందా? పైన బొగ్గు, లోపల మంచు అవుతుంది. మొదటి కోతకే నెత్తుటి నీళ్లు కారితే పోలీసులకు అనుమానం రాదా? కథంతా ఈ ఒక్క వంటమీదే నిలబడింది కదా.

పాతటీవీ_పిచ్చి
స్పాయిలర్ హెచ్చరిక బావుంది. నలభై ఐదేళ్ల పైబడిన ఎపిసోడ్‌కి!

మసకవెలుతురు
మీ అభ్యంతరం కథలోనే ఉందండీ. ఓవెన్ వెలిగించాక ఆవిడ కూరగాయల కొట్టుకు వెళ్తుంది. మొగుడు ఇంట్లో బతికే ఉన్నాడన్న భ్రమ కల్పించడానికి. అక్కడ కొట్టు సామ్‌తో, ఫ్రీజర్లోది నేరుగా వండటం నాకు పెద్దగా ఇష్టం లేదు, ఈసారికి చూద్దామనుకుంటున్నా, ఫరవాలేదంటారా అని అడుగుతుంది. ఆయన ఏం తేడా ఉండదు లెమ్మంటాడు. రాసినాయన ముందే మీ నోరు మూయించాడు.

కీమా_కామేశం
నోరు మూయించాడు సరే, కొట్టువాడు చెప్పింది తప్పు. తేడా ఉంటుంది, చాలా ఉంటుంది. ఫ్రీజర్లోంచి నేరుగా వండితే మామూలు కంటే సగం సమయం ఎక్కువ పడుతుందని అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల వంట సూచనల్లోనే ఉంది. రెండు గంటల పని మూడు గంటలవుతుంది.

థర్మోకపుల్
ఆ 'సగం ఎక్కువ' ఎక్కడినుంచి వచ్చిందో లెక్క వేస్తే తెలుస్తుంది. రెండున్నర కిలోల తొడ అనుకోండి. అందులో నీళ్లు 70 శాతం దాకా.

మైనస్ 18 నుంచి సున్నా దాకా తేవడానికి సుమారు 90 కిలోజౌళ్లు. సున్నా దగ్గరే ఉంచి మంచుని నీళ్లు చేయడానికి 585 దాకా (కిలో మంచుకి 334 చొప్పున). అక్కడినుంచి 60 డిగ్రీలకు తేవడానికి 525. మొత్తం 1200 అయితే అందులో సగం మంచు కరగడానికే పోతుంది. అంతసేపూ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా పెరగదు.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. గడ్డకట్టిన మాంసం వేడిని బాగా లోపలికి పంపుతుంది, కరిగిన మాంసం అందులో మూడో వంతు వేగంతో పంపుతుంది. పైపొర కరగ్గానే అదే లోపలి మంచుకి దుప్పటి అవుతుంది. రెండోరీలు గారు చెప్పిన 'పైన బొగ్గు, లోపల మంచు' కరెక్టే. అయితే అది మంట ఎక్కువ పెట్టినప్పుడే.

రెండోరీలు
మంట ఎక్కువే పెట్టిందిగా! కథలో ఓవెన్ హైలో పెట్టి లోపలికి తోసిందనే ఉంది.

క్రోయ్డన్_కొళాయి
బ్రిటన్ గ్యాస్ ఓవెన్ లెక్కలో మార్క్ 4 అంటే 180 డిగ్రీలు, 6 అంటే 200, 8 అంటే 230. హై అంటే 8 లేదా 9. ఆ వేడిలో మూడు గంటలు వదిలేస్తే పై సెంటీమీటరున్నర చెప్పు తోలే. కొవ్వు కాలి వంటగదంతా పొగ. డిటెక్టివ్ వచ్చి ఓవెన్ ఇంకా వెలుగుతోందే అనేదాకా ఆగక్కర్లేదు, పొగే పిలుస్తుంది.

మసకవెలుతురు
ముందు టైము లెక్క తేల్చండి, తర్వాత మంట సంగతి. కథ ఐదుకి పది నిమిషాల ముందు మొదలవుతుంది. మొగుడు ఐదింటికి వస్తాడు, మందు కలుపుకుంటాడు, చెప్పాల్సింది నాలుగైదు నిమిషాల్లో చెప్పేస్తాడు. ఆవిడ కొట్టుకు వెళ్లేసరికి ఇంకా ఆరు కాలేదు. అంటే తొడ ఓవెన్లోకి వెళ్లింది ఐదూ నలభై, ఐదూ నలభై ఐదు మధ్య. పోలీసు వంటగదిలోకి తొంగిచూసి మాంసం సంగతి ఎత్తేది తొమ్మిది కావస్తుండగా. ఆవిడ బతిమాలి వాళ్లని కూర్చోబెట్టేసరికి ఓ పది నిమిషాలు. మొత్తం మూడుంబావు గంటలు, మహా అయితే మూడూ ఇరవై.

కీమా_కామేశం
మూడూ ఇరవై అంటే 200 నిమిషాలు. ఇంగ్లీషు వాళ్ల పాత సూత్రం: 180 డిగ్రీల దగ్గర 450 గ్రాములకి 20 నిమిషాలు, పైన ఇంకో 20. మధ్యలో లేత గులాబీ రంగు ఉండేలా.

రెండు కిలోల తొడకి 109 నిమిషాలు, గడ్డకట్టింది కాబట్టి ఒకటిన్నర రెట్లు, 163.
రెండున్నరకి 131, ఒకటిన్నర రెట్లు 197.
మూడు కిలోలకి 153, ఒకటిన్నర రెట్లు 230.

రెండు కిలోలైతే తాపీగా అవుతుంది. రెండున్నరైతే తలుపు సందులోంచి దూరినట్టు. మూడైతే కథ కంచికి వెళ్లదు, భార్య జైలుకి వెళ్తుంది.

పాతటీవీ_పిచ్చి
197 నిమిషాలు, ఉన్నవి 200. బాంబు వైరు కోసే సీన్లలో కూడా ఇంత బిగి ఉండదు.

థర్మోకపుల్
కామేశం గారి సూత్రం బాగానే ఉంది కానీ అసలు చూడాల్సింది బరువు కాదు, మందం. మందం రెట్టింపైతే సమయం నాలుగింతలు అవుతుంది. అందుకే పొట్టిగా, ఉబ్బుగా ఉన్న రెండు కిలోల తొడ కంటే పొడుగ్గా, సన్నగా ఉన్న రెండున్నర కిలోల తొడ ముందు ఉడకొచ్చు. తొడలో చివరికి మిగిలే చలిచోటు ఎక్కడంటే తుంటి కీలుకి కాస్త కింద, కండ బాగా బలిసిన చోట ఎముక పక్కన. పిక్క వైపు గంటన్నరలోనే ఎండిపోతుంది.

వరంగల్_వాకిలి
వంట సంగతి సరే. దానికంటిన నెత్తురు, ఎంటికలు ఏమైనయ్? కడిగిందా, గట్లనే ఓవెన్ల పెట్టిందా?

మసకవెలుతురు
మాంసం కడిగినట్టు ఎక్కడా లేదు. ఓవెన్లో పెట్టాక తన చేతులు మాత్రం కడుక్కుంటుంది. కాగితం చుట్టి ఉన్నదాన్ని కాగితం విప్పి చూసుకుని మరీ పట్టుకొస్తుంది కాబట్టి దెబ్బ తగిలింది నేరుగా మాంసంతోనే. నెత్తురు ఎక్కువ కారలేదు, తలమీద కొద్దిగా గడ్డకట్టి కనిపిస్తుందంతే.

వరంగల్_వాకిలి
అయితే పోలీసోళ్లు మిత్రుని ఎంటికలే నమిలిన్రన్నట్టు. థూ.

నల్లిబొక్క
ఇప్పుడే భోంచేసి వచ్చానయ్యా బాబూ.

దారపుఉండ
వరంగల్ వాకిలి గారి ప్రశ్న నవ్వి వదిలేసేది కాదు. 1979లో పోలీసు ల్యాబ్ చేతిలో ఏముందో చూడండి. డీఎన్ఏ వేలిముద్రలు లేవు, లెస్టర్ యూనివర్సిటీలో ఆలెక్ జెఫ్రీస్ అది కనిపెట్టింది 1984లో. నెత్తురు ఉందో లేదో చెప్పే రంగు పరీక్షలు ఉన్నాయి కానీ అవి మనిషి నెత్తురుకీ గొర్రె నెత్తురుకీ ఒకేలా రంగు మారతాయి. రెంటినీ విడదీసేది ప్రెసిపిటిన్ పరీక్ష, 1901లో ఊలెన్‌హుత్ చేసి చూపించినది. అది ప్రోటీన్ చెక్కుచెదరకుండా ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది. మూడు గంటలు ఓవెన్లో మాడిన పైపొరలో ఏ ప్రోటీన్ మిగులుతుంది? వేడి ఆవిడకి రెండు పనులు చేసిపెట్టింది.

ఆవిడ పట్టుబడాలంటే రెండో వైపు నుంచి పట్టుబడాలి. శవం తలకి గొర్రె కొవ్వు అంటుకుని ఉండాలి. ఫ్రీజర్లోంచి వచ్చినదాని మీద నూగులా మంచు ఉంటుంది, అది కరిగి జుట్టు తడి అవ్వాలి. అయితే ఆ తడి ఓ గంటలో ఆరిపోతుంది. తలకి బరువైన మొద్దు వస్తువు తగిలిందనేసరికి అందరి బుర్రలూ ఇనుము మీదకి పోయాయి. స్పానర్, బరువైన లోహపు పూలకుండీ, అవే వెతుకుతారు. జుట్టులో కొవ్వు ఉందేమో చూద్దామని ఎవరికి తడుతుంది?

క్రోయ్డన్_కొళాయి
శవం వేడిని బట్టి చనిపోయిన టైము తేల్చరా? కొట్టుకు వెళ్లకముందే పోయాడని తెలిసిపోతుందిగా.

దారపుఉండ
తెలియదు. ఎంత జాగ్రత్తగా కొలిచినా శరీరం వేడిని బట్టి చెప్పే టైముకి అటూ ఇటూ రెండున్నర మూడు గంటల తేడా ఉంటుంది. ఆవిడ కొట్టుకు పోయి రావడం ఓ ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలని థర్మామీటరు పట్టుకోలేదు. అలిబి (ఆ సమయంలో తను అక్కడ లేదనే సాక్ష్యం) పకడ్బందీ.

మసకవెలుతురు
అలిబిలో బంగాళాదుంపలు మర్చిపోకండి. కొట్లో రెండంటే రెండే కొంటుంది. ఒకటి తనకి, ఒకటి మొగుడికి. ఇంకా ఒక బఠాణీ డబ్బా, మొగుడికి ఇష్టమని చీజ్‌కేక్. పైగా ఆరోజు గురువారం. గురువారాలు వాళ్లు బయటే తింటారు, అందుకే ఇంట్లో కూరగాయలు లేవు, అందుకే కొట్టుకు రావాల్సి వచ్చింది. ప్రతి అబద్ధం వెనకా ఒక నిజం కాపలా ఉంటుంది.

నల్లిబొక్క
రెండు బంగాళాదుంపలతో నలుగురైదుగురు పోలీసులకి వడ్డన! మన ఇళ్లల్లో అయితే ఇక్కడే పట్టుబడేది. "ఏంటమ్మా, ఉత్త మాంసమేనా, అన్నం లేదా?"

పాతటీవీ_పిచ్చి
ఇదే కథని హిచ్‌కాక్ రీమేక్ చేశాడు కదా, నలుపు తెలుపుల్లో. నాకు అదే నచ్చింది.

రెండోరీలు
రీమేక్ కాదండీ, అదే ముందు. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్‌లో 1958 ఏప్రిల్ 13న వచ్చింది. హిచ్‌కాకే డైరెక్ట్ చేశాడు, స్క్రిప్టు రోల్డ్ డాలే రాసుకున్నాడు, భార్యగా బార్బరా బెల్ గెడ్డెస్. కథ అచ్చయింది 1953లో, హార్పర్స్ పత్రికలో. కథలో బంగాళాదుంపలు కూడా అమెరికాలోని ఐడహోవే.

నా మట్టుకు బెల్ గెడ్డెస్ ఓ మెట్టు పైన. ఆవిడ మొహంలో మొదట్నుంచీ ఏ భావమూ ఉండదు, అందుకే చివరి నవ్వు అంత చలి పుట్టిస్తుంది. 1979 దాంట్లో బ్రయన్ బ్లెస్డ్ గొంతు ముందు ఎవరూ ఆనరు.

క్రోయ్డన్_కొళాయి
బ్లెస్డ్ మీద ఈ మాట ఒప్పుకోను. తినేవాడు బలంగా, ఆకలిగా కనిపించాలి. ఆయన ఎదురుగా కూర్చుంటే ఏ తొడా మిగలదు. సాక్ష్యం నాశనం చేయడానికి అంతకంటే నమ్మకస్తుడు దొరకడు.

కీమా_కామేశం
మిగలదా అన్నదీ లెక్కే. రెండున్నర కిలోల తొడలో ఎముక పాతిక శాతం తీసేస్తే 1.9 కిలోల కండ. కాలేటప్పుడు నీరు, కొవ్వు పోయి ఇంకో 28 శాతం తగ్గుతుంది. పళ్లెంలోకి వచ్చేది 1.35 కిలోలు. ఐదుగురైతే తలా 270 గ్రాములు. రాత్రి తొమ్మిదింటిదాకా తిండి లేని పోలీసులకి అది పెద్ద లెక్క కాదు. ఆయుధం బరువుకి సరిపోను తినేవాళ్లని లెక్కకట్టి పిలిచినట్టుంది.

వరంగల్_వాకిలి
బొక్క మిగుల్తది గద. బొక్కను ల్యాబుకు పంపరా?

దారపుఉండ
భోజనం చేసిన ఇంట్లో బొక్క మిగలడం నేరం కాదు కదా. పైగా ఆ బొక్క కొరికింది ఎవరని అడిగితే ముందు తమ పళ్లగుర్తులే చూపించుకోవాలి.

నెల్లూరు_నెమలి
ఇదంతా అక్కడి గొర్రె తొడకే చెల్లింది. మన దగ్గర మటన్ అంటే సగం చోట్ల మేక. మేక తొడ కిలో, కిలోన్నర. దానితో కొడితే మొగుడు లేచి తిరిగి కొడతాడు. మా నెల్లూరు పొట్టేలైతే కాళ్లు పొడుగు, దేశంలో అంత ఎత్తు గొర్రె ఇంకోటి లేదు. పట్టుకోవడానికి పిడి బాగుంటుంది.

నల్లిబొక్క
హైదరాబాదులో రాన్ (మొత్తం తొడని కాల్చే వంట) చేసేవాళ్లైతే ముందురోజే బొప్పాయి పట్టించి మెత్తబరుస్తారు. దానితో కొట్టినా అలంకారమే.

థర్మోకపుల్
నవ్వుతున్నారు కానీ నెమలి గారి మాటలో విషయం ఉంది. రెండున్నర కిలోలు సెకనుకి 8 మీటర్ల వేగంతో దిగితే 80 జౌళ్లు. మనిషి పుర్రె పగలడానికి సుమారు 45 నుంచి 100 జౌళ్ల మధ్య కావాలి. అంటే సరిపోతుంది. అదే వేగంతో కిలోన్నర మేక తొడ అయితే 48, అంచులో ఉంటుంది. గడ్డకట్టి ఉండటం కూడా తప్పనిసరి. అదే బరువు మెత్తగా ఉంటే దెబ్బ వెడల్పుగా పరుచుకుంటుంది, ఆగే సమయం పెరుగుతుంది, తలకి తగిలే బలం పడిపోతుంది. ఇటుకతో కొట్టడానికీ నీళ్ల సంచితో కొట్టడానికీ ఉన్న తేడా.

ఇక్కడ తమాషా చూడండి. ఆయుధం పనిచేయాలంటే తొడ బరువుగా ఉండాలి, సాక్ష్యం మాయం కావాలంటే తేలిగ్గా ఉండాలి. రెండు కిలోల కింద దెబ్బ చాలదు, రెండున్నర దాటితే తొమ్మిదింటికి ఉడకదు. ఈ అరకిలో సందులోనే కథ నడుస్తోంది.

రెండోరీలు
ఇది బావుంది. ఓడిపోయానని ఒప్పుకుంటా, కానీ 'హై' సంగతి ఇంకా తేలలేదు.

కీమా_కామేశం
హైలో పెట్టడం మొదట్లో అంత చెడ్డదేం కాదు. ఓవెన్ చల్లగా ఉంది, వేడెక్కడానికే పావుగంట. తర్వాత మొదటి గంటంతా పైన మంచు కరిగి నీళ్లు ట్రేలోకి దిగుతుంటాయి, మాంసం కాలదు, ఆవిరిలో ఉడుకుతుంది. ఆ గంట 230 ఉన్నా పెద్ద నష్టం లేదు. కొట్టునుంచి వచ్చాక 170కో 180కో దించితే అంతా సర్దుకుంటుంది. పోలీసులకి ఫోన్ చేసే ముందు వంటగదిలోకి వెళ్లడానికి ఆవిడకి సాకు కూడా ఉంది, కూరగాయల సంచి పెట్టాలిగా.

ఎవరైనా నిజంగా చేసి చూడాలనుకుంటే (మాంసం సంగతి మాత్రమే!) ఈ జాగ్రత్తలు చాలు. ట్రేలో తీగల స్టాండు మీద పెట్టండి, లేకపోతే అడుగు భాగం నీళ్లలో నానుతుంది. గంటకోసారి ఆ నీళ్లు వంచెయ్యండి, అవి ఉన్నంతసేపు పైన రంగు రాదు. ఉప్పు, మిరియాలు మొదట్లో చల్లితే మంచు మీద నిలవవు, గంట తర్వాత పట్టించండి. ఫ్యాన్ ఓవెన్ అయితే 20 డిగ్రీలు తగ్గించుకోండి. పిక్క చివరకి రేకు చుట్టండి. గంటన్నరదాకా థర్మామీటరు గుచ్చే ప్రయత్నం చేయొద్దు, మొన లోపలికి దిగదు, విరుగుతుంది. దిగాక ఎముకకి ఆనకుండా బలిసిన చోట గుచ్చండి. 63 డిగ్రీలు చూపిస్తే తియ్యండి. పావుగంట పక్కన పెట్టాక కొయ్యండి.

క్రోయ్డన్_కొళాయి
ఆ పావుగంట ఆవిడకి లేదే. డిటెక్టివులు వంటగది బల్ల దగ్గర కూర్చున్నాక ఎవరాగుతారు?

కీమా_కామేశం
అందుకే కోసినప్పుడు పళ్లెంలో రసం కారుతుంది. ఇంగ్లీషు వాళ్లు దాన్ని గ్రేవీ అనుకుని మెచ్చుకుంటారు.

మసకవెలుతురు
పేరు గురించి ఎవరూ మాట్లాడలేదు. లాంబ్ టు ద స్లాటర్ అన్నది బైబిల్ మాట, యెషయా 53:7. మన తెలుగు బైబిల్లో "వధకు తేబడు గొఱ్ఱెపిల్ల". దీన్ని తెలుగులో ఎపిసోడ్ పేరుగా పెట్టాలంటే మాత్రం పెద్ద చిక్కు. ఇంగ్లీషులో లాంబ్ అంటే గొర్రెపిల్లా, దాని మాంసమూ రెండూ. మనకి ఒకే మాటలో రెండూ రావు. గొర్రెపిల్ల అంటే వంటగది పోతుంది, మటన్ అంటే బైబిల్ పోతుంది.

నెల్లూరు_నెమలి
అసలు ఇక్కడ గొర్రెపిల్ల ఎవరు? భార్యా, మొగుడా?

పాతటీవీ_పిచ్చి
పోలీసులు.

దారపుఉండ
మొగుడు మాట చెప్పేదాకా భార్య. ఫ్రీజర్ మూత తీశాక మొగుడు. ఓవెన్ తలుపు తీశాక పాతటీవీ గారు చెప్పినట్టే.

వరంగల్_వాకిలి
గా హిచ్‌కాక్ దాంట్లో ఆఖరికి ఆమె దొరుకుతదంట గద, ఎట్ల?

రెండోరీలు
కథలో దొరకదు. ఎపిసోడ్ అయిపోయాక హిచ్‌కాక్ వచ్చి ముక్తాయింపు చెబుతాడు. ఆవిడ రెండో మొగుణ్ణి కూడా ఇలాగే చంపబోయిందట. వాడు మతిమరుపు మనిషి, ఫ్రీజర్ ప్లగ్గు పెట్టడం మర్చిపోయాడు. తొడ జెల్లీలా మెత్తబడిపోయి ఉంది.

థర్మోకపుల్
చెప్పానుగా, నీళ్ల సంచి.